రుతువుల బొమ్మ గీయడానికి నాకు ఏడు డ్రాఫ్టులు పట్టాయి

ఒక పిల్లల పత్రికకి సైన్సు బొమ్మలు గీస్తుంటాను. పోయినేడాది "రుతువులు ఎందుకు మారతాయి" అని ఎదురెదురు పేజీల్లో పరుచుకునే బొమ్మ ఒకటి అడిగారు. ఇదేముంది, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కదా అని మధ్యలో సూర్యుడు, చుట్టూ కోడిగుడ్డులాంటి కక్ష్య, నాలుగు పక్కలా నాలుగు భూములు పెట్టేసి ఒక్క పూటలో రంగులు కూడా వేసేశా.

పంపేముందు మా అన్నయ్య కూతురికి చూపించా, ఏడో క్లాసు. లేబుళ్ళు తీసేసి చూపిస్తా ఎప్పుడూ, లేకపోతే బొమ్మ వదిలేసి అక్షరాలు చదివి చెప్తారు పిల్లలు. అది ఒక్కసారి చూసి "ఇక్కడ సూర్యుడికి దగ్గరగా ఉంది కాబట్టి ఎండాకాలం, అంతేగా బాబాయ్" అంది. నా పని అయిపోయింది. అసలు సంగతి ఏంటంటే భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, అంటే మనం భోగిమంటకి కట్టెలు పోగేసుకునే రోజుల్లో, దాదాపు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు, జులై మొదట్లో 15 కోట్ల 21 లక్షలు. కక్ష్యని 10 సెంటీమీటర్ల సైజులో కొలత ప్రకారం గీస్తే పొడవుకీ వెడల్పుకీ తేడా మిల్లీమీటరులో 50వ వంతు కూడా రాదు, నా పెన్సిల్ గీతే అంతకంటే లావు. మరి ఆ కోడిగుడ్డు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, పళ్ళేన్ని పక్క నుంచి చూస్తే సాగినట్టు కనపడుతుంది చూడండి, అదే.

పోనీ పైనుంచి చూసినట్టు గీద్దామంటే కక్ష్య గుండ్రంగా వస్తుంది గానీ భూమి ఇరుసు 23.5 డిగ్రీల వంపు సరిగ్గా కనపడదు, అసలు కారణమే అది. పక్క నుంచి గీస్తే వంపు కనపడుతుంది, కోడిగుడ్డు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఇక్కడే నాలుగు డ్రాఫ్టులు పోయాయి. ఒకదాంట్లో జూన్ భూమిని, డిసెంబరు భూమిని విడివిడి డబ్బాల్లో పెట్టి రెండింటికీ ఎండ ఎడమవైపు నుంచే వేశా, దాంతో ఇరుసు ఒకదాంట్లో ఇటు, ఇంకోదాంట్లో అటు వాలింది, తెలిసిన ఫిజిక్స్ మాస్టారు చూసి "ఏంటోయ్, భూమి తల ఊపుతోందా" అన్నారు. నిజమే, ఇరుసు రెండు చోట్లా ఒకే దిక్కుకి వాలాలి, ఎండ వచ్చే వైపు మారాలి.

చివరికి సూర్యుణ్ణి రెండు పేజీల మడతలో పెట్టా, ఎడమ పేజీలో జూన్, కుడి పేజీలో డిసెంబరు, కక్ష్య గీత తీసేసి మూలన చిన్నగా పైనుంచి కనపడే గుండ్రటి బొమ్మ వేశా. కింద పలక మీద టార్చి, నిటారుగా వేస్తే చిన్న వెలుగు, వాలుగా వేస్తే పరుచుకుని పల్చబడ్డ వెలుగు. పక్కనే విజయవాడ: డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే, మే నెలలో నడినెత్తిన.

ప్రెస్సులో ఫాంటు మారి "గ్రీష్మం"లో మ వత్తు ఊడి పక్కన పడింది, దాన్ని తిట్టుకుంటూ ఒక రాత్రి. స్క్రీన్ మీద మెరిసిన నీలం కాగితం మీద నీరసంగా వచ్చింది, అది మామూలే.

ఇప్పుడు గ్రహణాల బొమ్మ చేతిలో ఉంది. చంద్రుడి కక్ష్య వంపు 5 డిగ్రీలే, పేజీ మీద అది కంటికి ఆనదు, ఎంత పెంచి గీయాలో ఇంకా తేల్చుకోలేదు.