మోడల్ నుంచి ప్రశ్నల దాకా: సమాచార అన్వేషణ మీద పరిశోధన చేసిన నా అనుభవం

పరిశోధకులు తమకు కావలసిన సమాచారాన్ని ఎలా వెతుక్కుంటారన్నది గ్రంథాలయ సమాచార శాస్త్రంలో పాత ప్రశ్నే. దీని మీద వచ్చే థీసిస్‌లలో తరచూ ఒక లోపం కనిపిస్తుంది. రెండో అధ్యాయంలో నాలుగైదు మోడళ్ల (మనిషి సమాచారం ఎలా వెతుకుతాడో చూపే నమూనాల) బొమ్మలు ఉంటాయి, నాలుగో అధ్యాయంలో శాతాల పట్టికలు ఉంటాయి, ఈ రెండింటికీ పొంతన ఉండదు. అందుకే నా పరిశోధనలో మొదటి నుంచీ ఒక నియమం పెట్టుకున్నాను. మోడల్‌లోని ప్రతి భావన మీదా కనీసం ఒక ప్రశ్న ఉండాలి, ప్రతి ప్రశ్నా ఏదో ఒక భావనకు చెందాలి. ఏ భావనకూ చెందని ప్రశ్న ఎంత ఆసక్తిగా ఉన్నా తీసేయాలి.

ముందు మోడల్ ఎంపిక. ఇక్కడ తొందరపడకూడదు. ఏ మోడల్ గొప్పదని కాక, నా ప్రశ్నకు ఏది జవాబివ్వగలదని చూశాను. విల్సన్ 1981లో ఇచ్చిన మోడల్, 1996లో దాన్ని విస్తరించిన రూపం విశాలమైనవి. అవసరం ఎక్కడ పుడుతుంది, ఏ అడ్డంకులు వస్తాయి, ఏది మనిషిని వెతికేలా చేస్తుంది అన్నవి అందులో ఉంటాయి. మొత్తం పటం గీయడానికి అది బాగుంటుంది గానీ, వెతికేటప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో అందులో కనపడదు. డెర్విన్ సెన్స్ మేకింగ్ పరిస్థితి, అంతరం, ఉపయోగం అన్న మూడింటి చుట్టూ తిరుగుతుంది. ఒక సమస్యలో ఇరుక్కున్న మనిషిని అర్థం చేసుకోవడానికి అది పదునైన పనిముట్టు, కానీ దాని ఇంటర్వ్యూ పద్ధతి ప్రతి అడుగునూ విడదీసి అడుగుతుంది కాబట్టి ఒక్కొక్కరి దగ్గర చాలా సమయం పడుతుంది. కూల్తౌ మోడల్‌లో ఆరు దశలున్నాయి: మొదలు, అంశం ఎంపిక, అన్వేషణ, దృష్టి కుదరడం, సేకరణ, సమర్పణ. ప్రతి దశలో మనిషి ఏం చేస్తాడన్నదే కాదు, ఏం ఆలోచిస్తాడు, అతని మనసు ఎలా ఉంటుంది అన్నది కూడా అందులో ఉంది. మూడో దశలో సమాచారం పెరిగేకొద్దీ ధైర్యం తగ్గుతుందన్నది ఆ మోడల్‌లో అన్నిటికన్నా విలువైన మాట.

నేను తీసుకున్నది ఎల్లిస్ మోడల్. 1989లో సామాజిక శాస్త్రవేత్తల ఇంటర్వ్యూల నుంచి, గ్రౌండెడ్ థియరీ (సేకరించిన డేటా నుంచే సిద్ధాంతం కట్టడం) పద్ధతిలో ఆయన ఆరు లక్షణాలు తేల్చాడు: స్టార్టింగ్ (వెతకడం మొదలుపెట్టడం), చెయినింగ్ (ఒక వ్యాసం నుంచి దానితో ముడిపడిన ఇంకో వ్యాసానికి వెళ్లడం), బ్రౌజింగ్ (అలా చూస్తూ పోవడం), డిఫరెన్షియేటింగ్ (ఏదో ప్రమాణంతో ఏరుకోవడం), మానిటరింగ్ (కొత్తగా వచ్చేవాటిని గమనిస్తూ ఉండడం), ఎక్స్‌ట్రాక్టింగ్ (కావలసినది వెలికితీయడం). తర్వాత 1993లో భౌతిక, రసాయన శాస్త్రవేత్తల మీద చేసిన అధ్యయనంలో వెరిఫైయింగ్ (సరిచూసుకోవడం), ఎండింగ్ (ముగించడం) కూడా చేరాయి. ఇవి పనులే తప్ప దశలు కావు. ఒకదాని తర్వాత ఒకటి రావాలన్న నియమం లేదు. దీన్ని మెట్లుగా గీసి బాణాలు పెట్టే థీసిస్‌లు ఉన్నాయి, అది మోడల్‌ను తప్పుగా చదవడమే. కూల్తౌ నుంచి ఒక్క విషయం మాత్రం అరువు తెచ్చుకున్నాను: వెతుకులాట మధ్యలో వచ్చే సందేహం. రెండు మోడళ్లు కలిపినప్పుడు దేని నుంచి ఏం తీసుకున్నామో, ఎందుకో ఒక పేరాలో స్పష్టంగా రాయాలి. లేకపోతే పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఆ తర్వాత నాలుగు నిలువు వరుసల పట్టిక వేశాను. మొదటి వరుసలో భావన, రెండో దానిలో నా సందర్భంలో దాని అర్థం, మూడో దానిలో ప్రశ్న, నాలుగో దానిలో ఎలాంటి జవాబు వస్తే ఆ భావన ఉన్నట్టు లెక్కించాలో. పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ ఈ నాలుగో వరుసకే పట్టింది. చెయినింగ్‌నే చూడండి. ఒక వ్యాసం చివర ఉన్న రిఫరెన్సుల గుండా పాత వ్యాసాలకు వెళ్లడం వెనక్కి చెయినింగ్, ఆ వ్యాసాన్ని ఉదహరించిన కొత్త వాటికి వెళ్లడం ముందుకి చెయినింగ్. "మీరు రిఫరెన్సులు చూస్తారా?" అని అడిగితే అందరూ చూస్తామనే చెబుతారు. దాంతో తెలిసేదేమీ లేదు. "ఈ మధ్య మీకు బాగా పనికొచ్చిన ఒక వ్యాసం గుర్తు చేసుకోండి. అది మీ చేతికి ఎలా వచ్చింది?" అని అడిగితే దారి బయటపడుతుంది. చెయినింగ్ అన్న మాట మన నోట రాకుండానే అవతలి వారు దాన్ని వర్ణిస్తారు.

ఇలా అడగడానికి ఆధారం ఫ్లానగన్ 1954లో వివరించిన క్రిటికల్ ఇన్సిడెంట్ టెక్నిక్. "సాధారణంగా ఎలా వెతుకుతారు" అంటే తాము ఎలా వెతకాలని అనుకుంటారో అది చెబుతారు. జరిగిన ఒక్క సంఘటన అడిగితే నిజంగా చేసింది చెబుతారు. సంఘటన ఈ మధ్యదై ఉండాలి, ఎలా ముగిసిందో తెలిసి ఉండాలి. సఫలమైనదొకటి, విఫలమైనదొకటి తప్పనిసరిగా అడగాలి. విఫలమైన వెతుకులాటల్లోనే గ్రంథాలయానికి పనికొచ్చే విషయం ఎక్కువ దొరుకుతుంది. వీలైతే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బ్రౌజర్ హిస్టరీ తెరిచి చెప్పమంటే జ్ఞాపకానికి ఊతం ఉంటుంది, కానీ దానికి ముందే విడిగా అనుమతి తీసుకోవాలి.

శాంపిల్ గురించి క్లుప్తంగా. ఇంటర్వ్యూలకు యాదృచ్ఛిక శాంపిల్ అక్కర్లేదు. విభాగం, అనుభవం, పని స్వభావం వేర్వేరుగా ఉన్నవారిని ఉద్దేశపూర్వకంగా ఎంచుకోవాలి. గెస్ట్, బన్స్, జాన్సన్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే భావాలు దాదాపు నిండిపోయాయి, అంటే ఆ తర్వాత కొత్తవి పెద్దగా రాలేదు. అది ఒకే రకం మనుషుల సంగతి. భిన్నమైన సమూహాలుంటే ఆ అంకె పనికిరాదు. కొత్త ఇంటర్వ్యూ నుంచి కొత్త కోడ్ (మాటల్లోని భావానికి మనం పెట్టే పేరు) రావడం ఆగిందా లేదా అన్నది ఒక కాగితం మీద నమోదు చేసుకుంటూ పోవడమే నమ్మదగిన దారి.

గంట రికార్డింగ్‌ను అక్షరాల్లోకి దించడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టడం మామూలే. సాఫ్ట్‌వేర్ తయారు చేసిన ప్రతిని వాడినా డేటాబేస్ పేర్లు, జర్నల్ పేర్లు దాదాపు ఎప్పుడూ తప్పుగా వస్తాయి. మన రంగంలో ఆ పేర్లే డేటా కాబట్టి ఆడియో వింటూ మళ్లీ సరిచూడాలి. ప్రతిలో వరుసలకు నంబర్లు వేస్తే తర్వాత ఏ మాట ఎక్కడిదో చూపడం తేలిక.

ఇక కోడింగ్, అంటే ఇంటర్వ్యూ ప్రతిలోని ముక్కలకు కోడ్‌లు వేయడం. ఒక్కో కోడ్‌కు నిర్వచనం, ఏది చేరుతుంది, ఏది చేరదు, ఒక ఉదాహరణ ఉండాలి. "ఏది చేరదు" అన్న గడి చాలామంది వదిలేస్తారు, గొడవలన్నీ అక్కడే వస్తాయి. రెండో కోడర్‌తో సరిపోల్చినప్పుడు శాతం ఒక్కటే చూపితే చాలదు, ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. 200 ముక్కలను ఇద్దరు చూసి ప్రతిదీ చెయినింగ్ అవునా కాదా అని గుర్తించారనుకోండి. ఇద్దరూ అవునన్నవి 40, ఇద్దరూ కాదన్నవి 130, మొదటి వ్యక్తి మాత్రమే అవునన్నవి 10, రెండో వ్యక్తి మాత్రమే అవునన్నవి 20. ఏకీభవించినవి 170, అంటే 0.85. వినడానికి బాగుంది. కానీ మొదటి వ్యక్తి మొత్తం 50 సార్లు, రెండో వ్యక్తి 60 సార్లు అవునన్నారు. కేవలం కాకతాళీయంగా ఏకీభవించే వాటా 0.25 × 0.30, దానికి 0.75 × 0.70 కలిపితే 0.60. కాకతాళీయాన్ని తీసేశాక ఏకీభావం ఎంతో చూపే కొలత కోహెన్ కప్పా. ఇక్కడ అది 0.85 నుంచి 0.60 తీసి, మిగిలినదాన్ని 0.40తో భాగించడం. వచ్చేది 0.625. లాండిస్, కోక్ 1977లో ఇచ్చిన కొలమానంలో 0.61 నుంచి 0.80 దాకా గణనీయమైన ఏకీభావం, అంటే ఇది ఆ గీత దాటీ దాటనట్టుంది.

అంకె వచ్చాక అక్కడితో ఆగకుండా, తేడా వచ్చిన ముక్కలను ఇద్దరూ కూర్చుని చదవాలి. మా దగ్గర తగువంతా ఒక చోటే పడింది. ఒక వ్యాసాన్ని ఉదహరించినవాటిని చూపే "సైటెడ్ బై" లింక్ నొక్కి, వచ్చిన జాబితాలో శీర్షికలు చూస్తూ పోవడం చెయినింగా, బ్రౌజింగా? లింక్ నొక్కి జాబితాకు చేరేవరకు చెయినింగ్, ఆ జాబితాలో జర్నల్ పేరో రచయిత పేరో చూసి ఏరుకుంటే డిఫరెన్షియేటింగ్, ఏ ప్రమాణమూ లేకుండా కళ్లు పరిగెత్తిస్తే బ్రౌజింగ్ అని నియమం రాసుకున్నాం. నియమం మారాక పాత ముక్కల మీద కాకుండా కొత్త ముక్కల మీద మళ్లీ కప్పా లెక్కించాలి. పాతవాటిని ఇద్దరూ చర్చించేశారు కాబట్టి అవి ఎలాగూ కలుస్తాయి.

ఇంటర్వ్యూల తర్వాత ప్రశ్నావళి వేసేటప్పుడు రెండు విషయాలు పట్టించుకోవాలి. మొదటిది శాంపిల్ పరిమాణం. క్రెజ్సీ, మోర్గాన్ 1970 పట్టిక ప్రకారం మొత్తం 500 మంది ఉన్న సమూహానికి 217, 1000 మందికి 278 కావాలి. అవి నిండి తిరిగొచ్చిన ప్రశ్నావళులు, పంచినవి కావు. సగం మందే జవాబిస్తారనుకుంటే రెట్టింపు పంచాలి. పైగా ఆ పట్టిక యాదృచ్ఛిక శాంపిల్‌కే వర్తిస్తుంది, లింక్‌ను గ్రూపుల్లో పంచి వచ్చినవి తీసుకుంటే దాన్ని ఉదహరించడం సరికాదు. రెండోది క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే కొన్ని వాక్యాల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె. ఒకే భావనను కొలిచే లైకర్ట్ వాక్యాలకే (ఎంతవరకు ఒప్పుకుంటారో మెట్లవారీగా గుర్తించమనేవి) అది పనికొస్తుంది. వయసు, హోదా, వాడే డేటాబేస్‌లు అన్నీ కలిపి ప్రశ్నావళి మొత్తానికి ఒకే ఆల్ఫా చూపించడం అర్థం లేని పని. సందేహం గురించిన వాక్యాలకు ఒకటి, మానిటరింగ్ వాక్యాలకు ఇంకొకటి, ఇలా విడివిడిగా లెక్కించాను.

ఇక మోడల్‌లో ఇమడనివి. కోడ్‌ల నిర్వచనాలు రాసుకునే కోడ్‌బుక్‌లో "మోడల్‌కు బయట" అన్న కోడ్ మొదటి రోజు నుంచే ఉండాలి. అది లేకపోతే ప్రతి మాటనూ బలవంతంగా ఏదో ఒక లక్షణంలోకి నెట్టేస్తాం, అప్పుడు మోడల్ సరైనదనే తేలుతుంది. వేరేగా తేలే అవకాశమే ఉండదు. నా డేటాలో ఆ కోడ్ కింద చేరినవాటిలో ముఖ్యమైనది ఇది: వ్యాసం ఉందని తెలుసు, శీర్షిక తెలుసు, చందా లేక పూర్తి పాఠం అందదు. అప్పుడు రచయితకు మెయిల్ రాయడం, వేరే సంస్థలోని స్నేహితుణ్ని అడగడం, ప్రీప్రింట్ ప్రతి (జర్నల్‌లో అచ్చుకు ముందు రచయిత బయటపెట్టినది) కోసం వెతకడం. ఎల్లిస్ చెప్పిన లక్షణాలు సమాచారాన్ని గుర్తించడం, ఎంచుకోవడం, వెలికితీయడం గురించి చెబుతాయి. చేజిక్కించుకోవడం అక్కడ విడిగా లేదు. దాన్ని ఎక్స్‌ట్రాక్టింగ్‌లో కలిపేయకుండా ఫలితాల అధ్యాయంలో వేరే భాగంగా, వరుస నంబర్లతో సహా మాటలు ఉటంకిస్తూ రాశాను. మౌఖిక పరీక్షలో ఎక్కువ చర్చ దాని మీదే జరిగింది.