జనవరి 7న శరణాలయం గడప దాటే ముందు

"తండ్రియైన దేవుని యెదుట పవిత్రమును నిష్కళంకమునైన భక్తి యేదనగా – దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుటయు, ఇహలోకమాలిన్యము తనకంటకుండ తన్నుతాను కాపాడుకొనుటయునే." (యాకోబు 1:27)

అనాథల పరిచర్యకు కానుకలు పట్టే ప్రతి కూటంలో ఈ వచనం మొదటి సగం వినిపిస్తుంది. రెండో సగాన్ని మద్యం గురించో సినిమాల గురించో చెప్పే మరో ఆదివారానికి దాచుకుంటాం. యాకోబు మాత్రం రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు. దిక్కులేని పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడే ఆ మాలిన్యం సులువుగా అంటుతుంది. మన మంచితనం చూసుకుని మనమే మురిసిపోతాం. పిల్లల ఫోటోలతో రిపోర్టు నింపుతాం. ఒక్క పూటలో వాళ్ల ప్రేమంతా అందుకుని, మళ్లీ ఆ వైపు చూడం. రష్యాలోని పిల్లల శరణాలయాలకు, జనవరి 7న వచ్చే అక్కడి క్రిస్మస్ సందర్శనకు వెళ్లేవారు ఈ వచనాన్ని రెండో సగం నుంచి చదవడం మొదలుపెడితే మంచిది.

ముందుగా, అక్కడున్న పిల్లలు ఎవరు? తల్లిదండ్రులు చనిపోయినవారు తక్కువ. ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. తాగుడు, మత్తు, జైలు, పేదరికం, జబ్బు వంటి కారణాలతో కోర్టు తల్లిదండ్రుల హక్కులు తీసేసిన ఇళ్ల పిల్లలు వీళ్లు. కష్టకాలంలో కొన్ని నెలలపాటు ఒప్పందం మీద అక్కడ ఉంచిన పిల్లలూ ఉంటారు. పసివాళ్లను 'దోమ్ రెబ్యోంకా' (శిశు గృహం)లో, మూడు నాలుగేళ్లు దాటినవాళ్లను 'దెత్స్కీ దోమ్' (పిల్లల గృహం)లో పెడతారు. వైకల్యం ఉన్నవారికి వేరే నివాసాలున్నాయి. 2014 మేలో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు నెం. 481 ఈ సంస్థల రూపు మార్చింది. బారెడు పడకగదులు పోయి ఇంటిలాంటి గుంపులు రావాలని, ఒక్కో గుంపులో ఎనిమిది మందికి మించకూడదని, నాలుగేళ్లలోపువాళ్లయితే ఆరుగురేనని నియమం పెట్టింది. 2012లో లక్షకు పైగా ఉన్న పిల్లల సంఖ్య ఆ తర్వాతి పదేళ్లలో సగానికంటే తక్కువైంది. చిన్నవాళ్లను, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కుటుంబాలు తీసుకున్నాయి. మిగిలినవారిలో ఎక్కువమంది పదేళ్లు దాటినవారు, ముగ్గురు నలుగురు తోబుట్టువులుగా ఉన్నవారు, వైకల్యం ఉన్నవారు. కాబట్టి సండే స్కూల్ పసిపిల్లల కోసం సిద్ధం చేసిన యాక్షన్ సాంగ్స్ పట్టుకెళితే పద్నాలుగేళ్ల కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడతాడు, తప్పు అతనిది కాదు.

యుద్ధం మొదలైన 2022 నుంచి యుక్రెయిన్ పిల్లలు కూడా కొన్ని రష్యా సంస్థల్లో ఉన్నారు. పిల్లలను చట్టవిరుద్ధంగా తరలించారన్న ఆరోపణపై అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2023 మార్చి 17న రష్యా అధ్యక్షుడిపై, బాలల హక్కుల కమిషనర్‌పై అరెస్టు వారెంట్లు ఇచ్చింది. ఎదురుగా కూర్చున్న బిడ్డ కోసం సరిహద్దు అవతల ఎవరో వెతుకుతూ ఉండొచ్చు. ఆ కలయిక కోసం ప్రార్థించడం సందర్శకుల పని. ఆ బిడ్డను ప్రదర్శనలో వస్తువు చేసే పనికి మాత్రం ఎంతమాత్రం చేయి కలపకూడదు.

చట్టం సంగతి. 1997 నాటి మతస్వేచ్ఛ చట్టం ప్రకారం మైనర్లకు వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా, తల్లిదండ్రులు లేదా వారి స్థానంలో ఉన్నవారు ఒప్పుకోకుండా మతం బోధించకూడదు. శరణాలయంలో ఆ స్థానం సంస్థది, కాబట్టి అనుమతి డైరెక్టరు నుంచి రావాలి. 2016 జూలైలో 'యరొవాయా' సవరణలు (ప్రతిపాదించిన ఎంపీ పేరుతో పిలిచే చట్ట మార్పులు) వచ్చాక సువార్త పని చేసే విదేశీయుడికి అక్కడి మత సంస్థ ఇచ్చిన పత్రం చేతిలో ఉండాలి. అది కూడా ఆ సంస్థ పనిచేసే ప్రాంతంలోనే చెల్లుతుంది. టూరిస్టు వీసా మీద వెళ్లి కరపత్రాలు పంచితే 30,000 నుంచి 50,000 రూబుళ్ల జరిమానా, దేశం నుంచి పంపివేత కూడా ఉండొచ్చు. ఆహ్వానించిన సంఘానికైతే ఆ జరిమానా లక్ష నుంచి పది లక్షల రూబుళ్ల దాకా పోతుంది. మన 'ధైర్యం' ఖరీదు అక్కడి పాస్టరు గారు, అక్కడి విశ్వాసులు చెల్లిస్తారు. కజాన్, కుర్స్క్, త్వేర్ లాంటి ఊళ్లలో వైద్యం చదివే మన తెలుగు పిల్లలు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు వాలంటీరుగా లెక్కలు నేర్పవచ్చు, ఆటలాడించవచ్చు, సంస్థ నియమాల్లో ఇమిడి ఉండవచ్చు. బోధ చేయడం వేరే సంగతి.

ఏర్పాట్లకు కనీసం నెల ముందే డైరెక్టరుతో మాట్లాడాలి, అదీ ఆ ఊరి సంఘం ద్వారా. ఆరోగ్య పత్రం, ఛాతీ ఎక్స్‌రే అడగడం మామూలే. లోపల వేసుకోవడానికి విడిగా చెప్పులు తీసుకెళ్లాలి. మంచు బూట్లతో ఎవరూ రానివ్వరు. విదేశాల్లో ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డు బ్యాంకు కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయవు, కాబట్టి ఖర్చుకు నగదే. జనవరిలో జ్వరాల కాలం. సంస్థ క్వారంటైన్ ప్రకటిస్తే తలుపులు మూసుకుంటాయి. మరో తేదీ కూడా ముందే అనుకుని ఉంటే పిల్లలకు ఇచ్చిన మాట పోదు. డైరెక్టరును, సంరక్షకులను పేరుతోపాటు తండ్రి పేరు కలిపి పిలవడం అక్కడి మర్యాద. మనం 'గారు' అనడానికి అదే సాటి. పూలు తీసుకెళితే బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, సరి సంఖ్య సమాధులకు. ఆ పూలు సంరక్షకులకివ్వండి. ఏడాది పొడవునా ఆ పిల్లల ముక్కులు తుడిచేది వాళ్లే.

కానుకల దగ్గరే ఎక్కువ చెడు జరుగుతుంది. రష్యాలో కానుకల పండుగ నూతన సంవత్సరం. డిసెంబరు చివరి వారాల్లో కంపెనీలు, అధికారులు, కాలేజీలు, సంఘాలు వరుసకట్టి వస్తాయి. ఒక్కో బిడ్డకు మిఠాయి సంచులు కుప్పపడతాయి. పొట్ట నొప్పులొస్తాయి. పెద్దవాళ్లు చిన్నవాళ్ల దగ్గర లాక్కుంటారు. ఖరీదైన ఫోన్లు చేతులు మారతాయి. ప్రతి దాతకూ ఒక పాట పాడి చూపించాలి గనక పిల్లలు పొద్దున్నుంచి రిహార్సల్లో నిలబడతారు. పెద్దవాళ్లంటే ఇచ్చేవాళ్లని, తాము తీసుకునేవాళ్లమని నేర్చుకుంటారు. సంపాదించడం, ఎంచుకోవడం, దాచుకోవడం, మరొకరికి ఇవ్వడం ఎక్కడా నేర్చుకోరు. 'అనాథ పిల్లలకు సాయపడే వాలంటీర్లు' అనే మాస్కో ఫౌండేషన్ ఏళ్లుగా దాతలకు చెబుతున్నది ఇదే. సెలవులు ముగిశాక, ఫిబ్రవరిలో ఆ తలుపు తట్టేవారు దాదాపు ఉండరు.

వెళ్లి తీరాలనుకుంటే సందర్శన చిన్నదిగా ఉండనివ్వండి. ఎనిమిది మంది పిల్లల గుంపుకు నలుగురు చాలు, అందులో ఒకరు భాష తెలిసినవారు. పన్నెండు మంది దిగితే అది పిల్లలను చూడడానికి వచ్చిన గుంపవుతుంది. ఆర్థడాక్స్ క్రిస్మస్ రోజైన జనవరి 7 సెలవు దినం. ఉదయం 11 నుంచి 12:30 వరకు సరిపోతుంది. తర్వాత భోజనం, చిన్నవాళ్లకు నిద్ర, మాస్కోలో నాలుగు దాటితే చీకటి. వాతావరణం బాగుంటే మొదటి అరగంట బయట మంచులో ఆడాలి. చలి మరీ తీవ్రమైతే లోపలే. తర్వాత ఇరవై ఐదు నిమిషాలు 'వెర్తెప్' చేయించవచ్చు. అట్టపెట్టెలో యేసు పుట్టిన గుహను అమర్చే పాత అలవాటు అది. ఎనిమిది మందికి పది పెట్టెలు సిద్ధం చేయాలి, ఒకటి చినిగిపోతుంది, ఒకటి మరొక గదిలోంచి తొంగిచూసే బిడ్డకు. మొన గుండ్రంగా ఉన్న కత్తెర మనిషికొకటి, లేకపోతే మొదటి గొడవ అక్కడే. ఏడేళ్లలోపువాళ్లకు బొమ్మలు ముందే కత్తిరించి పెట్టాలి. చివర టీ, ఫ్యాక్టరీ ప్యాకింగు మీద తేదీ ఉన్న 'ప్ర్యానికి' బిస్కెట్లు. ఇంట్లో వండినవి, క్రీమ్ కేకులు లోపలికి పోవు, మన అరిసెలకూ అదే నియమం. కమలా పండ్లు తేవాలనుకుంటే అలర్జీల గురించి నర్సునడగాలి.

ఏ కథ చెప్పాలన్నది ఇంకా సున్నితం. "నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును" అన్న 27వ కీర్తన మాట మనకెంతో ఆదరణ. అమ్మ వస్తుందని కిటికీ దగ్గర ఎదురుచూసే బిడ్డకు అందులో మొదటి సగమే వినిపిస్తుంది. "మీ అమ్మ నిన్ను వదిలేసింది" అని ఒక పరాయి మనిషి తీర్పు చెప్పినట్టవుతుంది. క్రిస్మస్ కథలోనే ఆ పిల్లలకు దగ్గరైన మనిషి ఒకడున్నాడు. యోసేపు. తన రక్తం కాని బిడ్డకు పేరు పెట్టాడు, రాత్రికి రాత్రి ఐగుప్తుకు మోసుకెళ్లాడు, పని నేర్పాడు. పెంపుడు ఇంటికి వెళ్లబోయే బిడ్డకు, వెళ్లి తిరిగొచ్చిన బిడ్డకు ఆ కథ వివరణ లేకుండానే అర్థమవుతుంది. చాలామంది మెడలో సిలువ, మంచం పక్కన ఐకాన్ (పవిత్ర చిత్రపటం) ఉంటాయి. వాటి మీద వాదం పెట్టకండి. ఆ సిలువ అమ్మమ్మ వేసినదై ఉండొచ్చు. ఇంటి నుంచి వచ్చిన వస్తువు అదొక్కటే కావచ్చు.

పరాయివాళ్ల ఒళ్లోకి పరుగెత్తుకొచ్చే మూడేళ్ల పాపను చూసి "ఎంత ప్రేమో!" అంటాం. అది గాయం. చేతులు మారుతూ పెరిగిన బిడ్డ ఏ చెయ్యి దొరికితే అది పట్టుకుంటుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ శిశు గృహాల్లో రష్యా, అమెరికా పరిశోధకులు చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం గమనించదగ్గది. అక్కడ తిండి, మందులు పెంచలేదు. గుంపులు చిన్నవి చేసి, రోజూ అదే సంరక్షకురాలు ఉండేలా చూసి, పిల్లలతో ఆప్యాయంగా మెలగడం ఆమెకు నేర్పారు. పిల్లల ప్రవర్తనతోపాటు ఎత్తూ బరువూ కూడా మెరుగయ్యాయి. అందుకే వచ్చిన అతిథులు పిల్లలను ఎత్తుకుని తిరగకూడదు. నేల మీద కూర్చోండి. బిడ్డ మళ్లీ తన సంరక్షకురాలి దగ్గరకే వెళ్లేలా చూడండి.

"నన్ను తీసుకెళ్తారా?" అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. "దేవుడు చూసుకుంటాడు" అన్నది దాటవేత. "చూద్దాం" అన్నది అబద్ధం. "లేదు, తీసుకెళ్లలేను. పన్నెండున్నర దాకా నీతోనే ఉంటాను" అని చెప్పి, పన్నెండున్నర దాకా ఆ బిడ్డ పక్కనే ఉండాలి. మళ్లీ వస్తామని అనకండి, తేదీ రాసుకుని ఉంటే తప్ప. ఫోటోలూ అంతే. ముఖం, పేరు, ఊరు కలిపి బయటపెడితే ఆ బిడ్డ బతుకు రేపు తోటి విద్యార్థుల ఫోన్లలో ఉంటుంది.

"మిమ్మును అనాథలనుగా విడువను, మీయొద్దకు వత్తును" అని ప్రభువు శిష్యులతో అన్నాడు (యోహాను 14:18). వచ్చి ఉండడమే ఆయన ఇచ్చిన మాట. రష్యాలోనే దీన్ని బతికి చూపిన ఒక విధవరాలుంది, ఎలిజవేతా ఫ్యొదొరొవ్నా. విక్టోరియా రాణి మనవరాలు. 1905లో బాంబు దాడిలో భర్త హతమయ్యాక నగలు అమ్మి, 1909లో మాస్కోలో మార్త మరియల మఠం స్థాపించింది. పేదలకు వైద్యం, ఉచిత మందులు, అనాథ బాలికలకు ఇల్లు అక్కడ నడిచాయి. ఖిత్రొవ్కా మురికివాడలోకి తానే వెళ్లి పిల్లలను తెచ్చుకునేది. 1918లో బోల్షెవిక్కులు ఆమెను పట్టుకెళ్లి చంపేదాకా ఆ పని వదల్లేదు. దిక్కులేని పిల్లలు, విధవరాండ్రు అని యాకోబు కలిపి చెప్పిన ఇద్దరూ ఒకే గడపలో కలిశారు.

విమాన టికెట్లకు పోగుచేసిన డబ్బు మొత్తం ఒకసారి లెక్కవేసి చూడండి. ఆ ఊరి సంఘంలోని ఇద్దరు మనుషులు ప్రతి నెలా మొదటి శనివారం అదే గుంపు దగ్గరకు వెళ్లడానికి, పదిహేనేళ్లవాళ్లతో కలిసి బజారుకు వెళ్లి బంగాళాదుంపలు బేరమాడి కొనడానికి, 'పెల్మేని' (మాంసం కూరి ఉడికించే పిండి ముద్దలు) చేయడం నేర్పడానికి అయ్యే దారి ఖర్చు అందులో కొన్నేళ్లకు వస్తుంది. 18 నిండాక సంస్థ తలుపు మూసుకుంటుంది. చట్టం ప్రకారం రావాల్సిన ఇంటి కోసం పెద్ద వరుస ఉంటుంది. వండింది బల్ల మీదికి రావడమే తప్ప స్టవ్ వెలిగించి ఎరగని కుర్రాడు, మొదటి కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని ఎవరికో ఒకరికి ఫోన్ చేయాలి. ఆ నంబరు అతన్ని నెలనెలా చూసిన మనిషిదై ఉండాలంటే, వెళ్లడం అతని పన్నెండో ఏటనే మొదలవ్వాలి.