పౌలు జాబితాలో చివరి పద్దు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం నుంచి ఫోన్ వచ్చినప్పుడే, మిగతావాళ్లు ఏం రాస్తారో ఊహించేశాను. హాస్టల్ గోడ దూకిన రాత్రులు, వార్షికోత్సవం నాటకంలో సగంలో ఊడిన గడ్డాలు, లెక్కల మాస్టారి బెత్తం. అవి చదవడం నాకూ సరదానే. కానీ ఎవరూ ముట్టుకోరని గట్టిగా చెప్పగలిగే విషయం ఒకటుంది, అది నేను తీసుకున్నాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చే బైబిల్ పీరియడ్.

సగం క్లాసు కళ్లు తెరుచుకునే నిద్రపోయే పీరియడ్ అది. దాని మార్కులు మొత్తంలో కలపరు, ఫెయిలైనా ఇంట్లో అడిగేవాళ్లు లేరు. టీచర్‌గారికి ఆ సంగతి మాకంటే బాగా తెలుసు. ఒకరోజు గుమ్మంలో అడుగు పెడుతూనే, "లెక్కల నోటుబుక్కులు తీయండి" అన్నారు. క్లాసు మారిందేమోనని అందరం లేచి కూర్చున్నాం. కొరింథీయులకు అపొస్తలుడైన పౌలు రాసిన రెండో పత్రిక, అంటే ఉత్తరం, పదకొండో అధ్యాయం తెరవమన్నారు. తను పడ్డ కష్టాలను పౌలు అక్కడ వరసగా చెబుతాడు. ఒకటి తక్కువ నలభై దెబ్బలు, అయిదుసార్లు. మొత్తం ఎన్ని? 195 అని ముందు బెంచీ అరిచింది. నలభై మించకూడదని యూదుల ధర్మశాస్త్రంలో ఉంది కాబట్టి, ఎక్కడ లెక్క తప్పుతామోనని ఒకటి తగ్గించి కొట్టేవారట. తర్వాత బెత్తాలతో మూడుసార్లు, రాళ్లతో ఒకసారి, ఓడ పగలడం మూడుసార్లు, ఒక పగలూ రాత్రీ సముద్రంలో. నదుల ఆపదలు, దొంగల ఆపదలు, ఆకలి, చలి. వరసగా రాసుకుంటూ పోయాం. మగపిల్లలకైతే మంచి హుషారొచ్చింది, సముద్రంలో రాత్రి ఎలా గడిపాడని ఒకడు అడిగాడు కూడా.

"అన్నీ రాశారా? ఇప్పుడు ఇరవై ఎనిమిదో వచనం చదివి, దానికెదురుగా కూడా అంకె వేయండి" అన్నారు.

చదివాం. సంఘాలన్నిటి గురించిన చింత, ఆ భారం దినదినమూ నా మీద ఉంది అంటాడు పౌలు. ఏ అంకె వేయాలో ఎవరికీ తోచలేదు.

టీచర్‌గారు సుద్దముక్క పక్కన పెట్టి, "ఓడ పగిలి ఒడ్డుకు చేరితే నలుగురూ చుట్టూ మూగి ఏం జరిగిందని అడుగుతారు. ఫలానా సంఘంలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారని ఉత్తరం వస్తే, రాత్రంతా కూర్చుని దానికి జవాబు రాసినవాణ్ణి ఎవరడుగుతారు? పౌలు దాన్ని దెబ్బలన్నీ అయ్యాక, చివర్న రాశాడు చూడండి" అన్నారు. గంట కొట్టారు. ఆవిడ ఇంకేమీ కలపలేదు. ఆ రోజు మాకేదో జ్ఞానోదయమైందని అబద్ధం చెప్పను. 195 అన్న అంకె మాత్రం గుర్తుండిపోయింది, దాని వెనకాలే అంకె లేని ఆ ఖాళీ కూడా.

ఆ ఖాళీ ఏమిటో కొంచెం అర్థమైంది ఉజ్జీవ కూటాల వారంలో. గుర్తుంది కదా, ఏటా పరీక్షలకు ముందు వచ్చేవి. బయటి నుంచి ప్రసంగీకులు వచ్చేవారు, పాటలు, కన్నీళ్లు, ఆఖరి రోజు తీర్మానం కార్డులు. "జీవితమంతా ప్రభువుకే అనేవాళ్లు చేతులెత్తండి" అనగానే హాలంతా చేతులే. మా క్లాసులో ఒక్కడు ఎత్తలేదు, వెనక బెంచీ మహానుభావుడు. ఎందుకురా అంటే, "రేపటికి నాకే నమ్మకం లేదు, జీవితమంతా అంటే ఎలా ఎత్తను?" అన్నాడు. వాడు బాగుపడడని తీర్పు చెప్పేశాం. కూటాలయ్యాక టీచర్‌గారు ప్రార్థన గది తలుపుకు ఒక కాగితం అంటించారు. పొద్దున్నే అయిదున్నరకు వచ్చేవాళ్లు పేర్లు రాసుకోండి అని. మొదటి వారం గది చాల్లేదు. సెలవులు దగ్గర పడేసరికి ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

ఆ కూటాలను ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. ఆ కన్నీళ్లు నిజమైనవే. పెళ్లిరోజు మనం చేసిన ప్రమాణాలూ నిజమైనవే, బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు మనసులో అనుకున్నవీ నిజమే. అయితే ఆవేశం మనల్ని గుమ్మం దాకానే తీసుకొస్తుంది. తర్వాత వచ్చే మామూలు సోమవారాలకు దాని దగ్గర ఏమీ ఉండదు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగింది ఎవరినో తెలుసా? తనను వదిలి వెళ్లిపోతున్నవాళ్లను కాదు. గుంపులు గుంపులుగా వెంటపడి వస్తున్నవాళ్లను. జనం తగ్గిపోతారన్న బెంగ లేకుండా ఆ మాట అనగలిగాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

రక్షణ కృప వల్లే కదా, మళ్లీ మన ప్రయాస ఏమిటి అని చదివేవాళ్లలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. మా క్లాసులోనూ ఈ ప్రశ్న వచ్చింది. "యేసు నా కాడి సుళువు అన్నాడు, సిలువ ఎత్తుకోమనీ అన్నాడు, ఏది నిజం టీచర్?" అని ఓ అమ్మాయి నిలదీసింది. టీచర్‌గారు పౌలునే సాక్షిగా పిలిచారు. అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానని చెప్పి, అదే వాక్యంలో, నేను కాదు నాకు తోడుగా ఉన్న దేవుని కృపే అంటాడు. ఎఫెసీయుల పత్రికలోనూ అంతే. క్రియల వల్ల కాదు అన్న వచనం అందరికీ కంఠతా వస్తుంది, సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డాం అన్న పక్క వచనం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. కృపను సంపాదించుకోవడానికి పని చేయడం వేరు, కృప దొరికింది కాబట్టి పని చేయడం వేరు. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా ఉంటాయి, చెమట కూడా ఒకేలా పడుతుంది. తేడా అలసిపోయినప్పుడు బయటపడుతుంది. మొదటివాడు అలిసిపోతే భయపడతాడు. రెండోవాడు పడుకుని లేచి మళ్లీ మొదలెడతాడు.

చాలా ఏళ్ల తర్వాత జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ గురించి చదివాను. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయన్ను ఉరితీశారని, చౌకబారు కృప అన్న మాటతో సంఘాన్ని హెచ్చరించాడని అందరూ చెబుతారు. నాకు నచ్చింది మాత్రం ఆయన ఫింకెన్‌వాల్డెలో నడిపిన చిన్న సెమినరీ. 1935లో మొదలైంది, 1937లో నాజీల రహస్య పోలీసు, గెస్టపో, మూసేసింది. అక్కడ విద్యార్థులు రోజూ పొద్దున అరగంట మౌనంగా, వారమంతా ఒకే వాక్యభాగం మీద ధ్యానించాలి. వాళ్లకు అది అస్సలు మింగుడుపడలేదు. ఏం చేయాలో తెలియక కొందరు దిక్కులు చూశారట, కొందరికి నిద్ర ముంచుకొచ్చిందట. గొణుగుళ్లు ఎన్ని వచ్చినా ఆయన ఆ అరగంట తీసేయలేదు. మన బైబిల్ పీరియడ్‌కు అంత ఘనమైన చుట్టరికం ఉందని తెలిసి నవ్వుకున్నాను.

అమెరికన్ మిషనరీ ఎడోనిరామ్ జడ్సన్ కథ మనకు బడిలో చెప్పారు, కానీ సగమే చెప్పారు. 1813లో బర్మా చేరాడు, మొదటి బాప్తిస్మం 1819లో. బర్మాకు ఇంగ్లీషువాళ్లతో యుద్ధం రాగానే గూఢచారి అన్న అనుమానంతో జైల్లో వేశారు. భార్య యాన్ ఆయన అనువాదం రాతప్రతిని ముందు నేలలో పాతిపెట్టి, తర్వాత గట్టి దిండులో పెట్టి కుట్టి జైలుకు పంపింది. ఎవరూ ఆశపడనంత గట్టి దిండు. ఇక్కడిదాకా చెప్పి చప్పట్లు కొట్టించేవారు. చెప్పనిది ఏమిటంటే, ఆయన విడుదలయ్యాక 1826లో యాన్ చనిపోయింది, కొన్ని నెలలకే పసిబిడ్డ కూడా. జడ్సన్ అడవిలోకి వెళ్లిపోయి, తన సమాధి తనే తవ్వుకుని దాని పక్కన కూర్చునేవాడు. దేవుణ్ణి నమ్ముతున్నాను గానీ ఆయన నాకు దొరకడం లేదని 1829లో ఉత్తరం రాశాడు. అలాంటి మనిషి మళ్లీ బల్ల దగ్గర కూర్చుని, 1834కల్లా బైబిలంతా బర్మీస్‌లోకి తెచ్చాడు. అక్కడితో ఆగక ఇంకో ఆరేళ్లు దిద్దుతూనే ఉన్నాడు. ఏ దర్శనమూ, ఏ ఉత్సాహమూ లేని రోజుల్లో క్రియాపదాలు సరిచూసుకుంటూ కూర్చున్న జడ్సన్‌ను పిల్లలకు చూపిస్తే ఎంత బాగుండేది. జైలు కథ కంటే అది వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. మావారూ మన బడివారే, క్వయర్‌లో టెనర్, అంటే ప్రధాన రాగానికి తోడుగా పాడే మగ గొంతు. కొన్నేళ్ల క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది, తిరిగి చెబుదామంటే పదం దొరకదు. "నీళ్లు" అనడానికి మొహమంతా ఎర్రబడేది. మొదటి రోజుల్లో ఇల్లంతా జనమే. ప్రార్థనలు, పరామర్శలు, ఏ సాయం కావాలన్నా ఒక్క ఫోన్ చేయమన్న మాటలు. ఎవరి తప్పూ లేదు, ఎవరి జీవితాలు వాళ్లవి. మెల్లగా ఫోన్లు తగ్గాయి. మిగిలింది వ్యాయామం. వేళ్లు ఒక్కొక్కటీ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. మెదడు కొత్త దారి వేసుకోవాలంటే అదొక్కటే మార్గమని, ఒక రోజు చేసి రెండు రోజులు మానేస్తే లాభం లేదని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు. చేయించేటప్పుడు నాకు భక్తి పొంగిపొర్లిందేమీ లేదు. విసుగొచ్చేది. ఆయనకు నా మీద కోపమొచ్చేది. "కష్టంలోనూ సుఖంలోనూ" అని ప్రమాణం చేసిన రోజున ఆ కష్టం చూపుడువేలంత చిన్నదిగా, ఇంత బోరుగా ఉంటుందని ఎవరనుకున్నారు?

స్పీచ్ థెరపీ అమ్మాయి ఒకరోజు, ఆయనకు చిన్నప్పటి పాటలేమైనా వచ్చా అని అడిగింది. మాట పోయినవాళ్లలో చాలామంది పాడగలరట. మాటకు ముఖ్యంగా ఎడమ మెదడు కావాలి, రాగంలో కుడివైపుకూ పెద్ద వాటా ఉంది. ఆ ఆధారంతోనే 1973లో బోస్టన్ పరిశోధకులు స్వరంతో మాట నేర్పే పద్ధతి ఒకటి ప్రకటించారని చెప్పింది. నేను నూట ఇరవై ఒకటో కీర్తన ఎత్తుకున్నాను, మన క్వయర్ మాస్టారు నేర్పిన రాగంలోనే. రెండో పాదానికి ఆయన అందుకున్నారు. అదీ ప్రధాన రాగం కాదు, టెనర్! ఎవరికీ విడిగా వినబడదు, ఎందుకొచ్చిన గొడవ అని మాస్టారి మీద సణుక్కుంటూ మగపిల్లలు నెలల తరబడి సాధన చేసిన ఆ టెనర్. దాంతో మాటంతా తిరిగొచ్చేసిందని కాదు. ఇప్పటికీ తడుముకుంటారు. కానీ అవసరమైన చిన్న చిన్న మాటలు ముందు రాగంలో వచ్చాయి, తర్వాత రాగం తీసేసినా నిలిచాయి.

ఇంతకీ చేతులెత్తని ఆ వెనక బెంచీవాడు. మావారికి అలా అయ్యాక ఒక గురువారం వచ్చాడు. ప్రార్థన చేయలేదు, ఓదార్పు మాటలూ చెప్పలేదు. గడ్డం గీసే సామాను తీసి, "ఒరేయ్, తల ఎత్తు" అని మొదలెట్టాడు. నురగ చెవుల దాకా పూసి, పడిపోయిన వైపు చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి, కింది నుంచి పైకి నెమ్మదిగా. నన్ను చూసి, "నువ్వెళ్లి పడుకో, రెండు గంటలు నేనుంటా" అన్నాడు. మళ్లీ గురువారం వచ్చాడు. ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు. రాలేని వారం ముందుగా ఫోన్ చేస్తాడు. నేను వెళ్లనని చెప్పి తర్వాత ద్రాక్షతోటకు వెళ్లిన కొడుకు గురించి మత్తయి సువార్తలో ఉంది కదా, ఆ మాట వాడితో అంటే, "బైబిల్ పీరియడ్‌లో నేను నిద్రపోయేవాణ్ణి, నాకేం తెలీదు" అంటాడు.

వాడి గురించి ఎక్కడా రాయొద్దన్నాడు కాబట్టి పేరు రాయడం లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు ఎత్తానంటే, పోయిన సమావేశంలో మనం ఒక తీర్మానం చేశాం. శనివారం సాయంత్రాలు బడికి వచ్చి, చదువులో వెనకబడిన పిల్లలకు పాఠాలు చెప్పాలని. హాలంతా చేతులే, అచ్చం ఆ రోజుల్లోలాగే. ఆ తర్వాత జాబితా చూశాను. "ప్రతి శనివారం" అని ఎదురుగా రాసుకున్న పేర్లు బోలెడున్నాయి. కార్యదర్శిగారి తరఫున నాదొక చిన్న మనవి. దయచేసి మళ్లీ ఒకసారి కూర్చుని లెక్క చూసుకోండి. నెలకు ఒక్క శనివారమే కుదిరితే ఒక్కటే రాయండి. వీలుకాకపోతే పేరు తీసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎదురుచూసే పిల్లలకు మనం వస్తామని చెప్పి రాకపోవడమే ఇబ్బంది. నేను రెండో శనివారం ఎదుట రాశాను, ఏడో తరగతి తెలుగు. ఆ సాయంత్రం మావారి దగ్గర ఎవరుంటారో మీకు చెప్పనక్కర్లేదు. ఆరో తరగతి లెక్కలకు ఇంకా ఎవరూ లేరు.