మూలపేటలో దస్తావేజు పెన్నులు

దస్తావేజు లేఖరుల పెన్నులంటే నాకు మొదటినుంచీ ఆశ. ఏళ్ల తరబడి స్టాంపు కాగితాల మీద నడిచిన పాళీలు, వాటి అరుగుదలే వేరు. నెల్లూరు మూలపేటలో మా స్నేహితుడి మేనమామ ట్రంకుపెట్టెలో పాత పెన్నులున్నాయని తెలియగానే ఒంగోల్లో పినాకిని ఎక్కేశాను. కావలిలో గానీ సీటు దొరకలేదు. పడుగుపాడు దాటి పెన్న వంతెన మీదికి వచ్చేసరికి స్నేహితుడి ఫోను, స్టేషన్ బయట ఉన్నానని.

పెద్దాయన అరుగు మీదే కూర్చుని ఉన్నారు. "రా నాయనా, ముందు మజ్జిగ తాగు. పెన్నులు యాడికీ పోవు" అన్నారు.

పోలేదు గానీ, అన్నీ బిగుసుకుపోయాయి. చాలావరకు లేతు మీద చేత్తో తీసిన నల్లటి ఎబొనైట్ పెన్నులు, ఫిల్లరుతో గొట్టంలోకే ఇంకు పోసుకునే రకం. ఒకటి రాజమండ్రి రత్నం పెన్ను. 1930లలో స్వదేశీ ఊపులో పుట్టిన పెన్ను అది, గాంధీగారి చేతికీ వెళ్లింది. వాటి మధ్య అల్లుడు ఇచ్చిన పార్కర్ 51, పక్కన మీట ఉన్న విదేశీ పెన్ను ఒకటి.

పెద్దమ్మ వేణ్ణీళ్లు తెస్తుంటే వద్దని చల్లనీళ్లు అడిగాను. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేణ్ణీళ్లు తగిలినా, ఎండలో పడి ఉన్నా నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. పైగా ఆయన వాడింది బ్లూ-బ్లాక్. ఆ పాత ఇంకుల్లో ఇనుము ఉండేది. రాసినప్పుడు నీలంగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడి కాగితాన్ని పట్టేస్తుంది. దస్తావేజుకు అది వరం, పెన్నుకు శని. నీళ్లకు లొంగని చోట నీళ్లు కలిపిన వెనిగర్ కాసేపు పట్టించి కడిగేశాను. స్టీలు పాళీకి అది ఎక్కువసేపు పడదు.

రత్నం పెన్ను నానాక పాళీనీ, దాని కింద ఇంకును అందించే నాలుకనీ కలిపి రబ్బరు ముక్కతో పట్టుకుని, తిప్పకుండా నిదానంగా లాగాను. నాలుక గాడిలోంచి ఇంకు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గిన్నెలో నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నీలమే. పార్కర్ మాత్రం మొండిది. లోపలి సంచీ పాడవలేదు, నీళ్లు పీల్చి వదులుతూ ఉంటే చాలు, తనే తేరుకుంది.

"బఫింగ్ కొట్టిస్తే తళతళలాడదా?" అన్నాడు స్నేహితుడు. నాకు గిట్టని మాట. గొట్టం మీద అప్పట్లో చెక్కించుకున్న ఆయన పేరు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనపడటం లేదు. చక్రం కింద పెడితే ముందు పోయేది అదే. పాళీ కొస కూడా ఎడమవైపు కాస్త అరిగి ఉంది. నేను రాస్తే గరగరలాడింది. ఆయన ఇంకు పోసుకుని "పుత్ర పౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో" అని సర్రున లాగేశారు. ఆ కొసను నున్నగా రుద్దితే నాకు పనికొస్తుందేమో గానీ, ఆయనకు పరాయిదైపోతుంది. రుద్దలేదు.

"ఇంకు సగానికొస్తే మళ్లీ నింపేవాణ్ణి" అన్నారాయన. నిజమే, గొట్టం ఖాళీ అయ్యేకొద్దీ లోపలి గాలి చేతి వేడికి ఉబ్బి ఇంకును బయటికి తోస్తుంది. "స్టాంపు కాగితం మీద కక్కిందంటే కొత్తది ఎవురు కొనిపెడతారు?"

నిన్నటి చేపల పులుసుతో భోజనం పెట్టారు. నెల్లూరులో పులుసు తాజాగా పెడితేనే అనుమానించాలి.

రత్నం, పార్కర్ ఆయన దగ్గరే ఉంచుకున్నారు. మిగతావాటికి డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు, మీట పెన్నును పనిచేయించి పంపమన్నారు అంతే. విప్పి చూస్తే రబ్బరు సంచీ అప్పడంలా పొడిపొడి అయిపోయింది. కొలత తీశాను. సరిపోయే సంచీ తెప్పించి లక్కతో అతికించాలి, మీట ఎత్తితే సంచీని నొక్కే లోపలి పట్టీ కూడా తుప్పు పట్టి ఉంది.