మొరం రన్‌వే మీద ప్రొపెల్లర్

విశాఖలో విమానం లోహానికి శత్రువు ఉప్పుగాలి. తూర్పు ఆఫ్రికా సఫారీ రన్‌వేల మీద మాత్రం రాయి. గాజువాక నుంచో ఎన్‌ఏడీ నుంచో లైసెన్సు పట్టుకుని ఇటు వచ్చే మన కుర్రాళ్ళు ముందు మార్చుకోవలసింది ఈ లెక్కే. ఇక్కడ పరిచేదీ మన మొరమే. పేరు కూడా దాదాపు అదే, మురమ్.

76 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే కొస వేగం సెకనుకు 270 మీటర్లు దాటుతుంది. విమానం నిలబడి ఉండగా పవర్ పెంచితే బ్లేడు కింద సుడి పుట్టి గులకరాళ్ళను పైకి లాగుతుంది. కదులుతూ ఉంటే లేచిన రాయి వెనకబడిపోతుంది (తోకకు తగిలితే అది వేరే ఖర్చు). అందుకే రన్-అప్ (టేకాఫ్‌కి ముందు పవర్ పెంచి ఇంజిన్‌ను పరీక్షించడం) గట్టినేల మీదే చేయాలి. అది దొరక్కపోతే చీపురు పట్టి ఊడ్చుకోవాలి, అందులో నామోషీ లేదు. టేకాఫ్‌కి బ్రేకులు తొక్కిపట్టి ఫుల్ పవర్ ఇవ్వకూడదు. యోక్ (పైలట్ చేతిలోని కంట్రోల్ చక్రం) వెనక్కి పట్టి, దొర్లుతూ ఉండగా నెమ్మదిగా పెంచాలి.

ముక్కుచక్రం విమానానికి 2017 దాకా అమెరికా నిబంధనలు అడిగిన ఎడం, ప్రొపెల్లర్ కొసకూ నేలకూ మధ్య, 7 అంగుళాలే. ముందు టైరులో గాలి, స్ట్రట్‌లో (ముక్కుచక్రం పైన కుదుపు మింగే కాలులో) ఒత్తిడి తగ్గితే అందులోంచే పోతుంది. పొద్దున్నే రెండూ చూడాలి.

ఇక రాయి తగిలి పడే గాటు. అల్యూమినియం బ్లేడు ముందంచును గోటితో తడిమితే తెలిసిపోతుంది. మొన దేలిన గాటు అడుగున ఒత్తిడి పోగై పగులు మొదలవుతుంది. కొస ముక్క ఊడిందంటే ఆ కుదుపుకు ఇంజినే దాన్ని పట్టి ఉంచే మౌంట్ నుంచి పెరికి వచ్చేయొచ్చు. సన్న ఆకురాయితో గాటు అడుగు దాకా తీసి, లోతుకు కనీసం పది రెట్లు పొడవున పల్లంగా కలపాలి. ఆకురాయి గీతలు ఎమరీ కాగితంతో పోగొట్టి, పది రెట్ల భూతద్దంతో చూడాలి. అనుమానం ఉంటే డై పెనెట్రంట్ (పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) వేయాలి. ఆ తర్వాతే పెయింటు. సుత్తితో సర్దడం, ఎపాక్సీతో పూడ్చడం పగులును దాచడమే. ఎంత లోహం తీయవచ్చో మాన్యువల్ చెబుతుంది. పైలట్ తొందర చెప్పదు.

బ్లేడు నేలకు కొట్టుకుని ఇంజిన్ చుట్లు తగ్గితే, ఇంజిన్ ఆగకపోయినా అది ప్రొపెల్లర్ స్ట్రైకే, అంటే ఇంజిన్‌ను కూడా తనిఖీ చేయాల్సిన దెబ్బే. ఇంజిన్ లైకమింగ్ కంపెనీది అయితే వెనక క్రాంక్‌షాఫ్ట్ గేరు విప్పి చూసి, దాని బోల్టు, లాక్‌ప్లేటు కొత్తవి వేయాలి.