వదిలిన కబురు

రాత్రి పదకొండున్నర. సంగటి చల్లారి గట్టిపడిందని అమ్మ రెండుసార్లు చెప్పి పడుకుంది.

గండికోట లోయను కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మగా చేస్తున్నాను. దాని మీద డియర్ ఇమ్‌గుయీతో (ప్రోగ్రాముల్లో బటన్లు, స్లయిడర్లు పెట్టుకునే రెడీమేడ్ కోడ్) చిన్న ప్యానెల్ పెట్టాను. వెలుతురు స్లయిడర్ లాగుతూ ప్యానెల్ అంచు దాటితే చాలు, పెన్నా లోయంతా గిర్రున తిరుగుతుంది. బటన్ వదిలేసినా స్లయిడర్ మౌస్ వెంటే వస్తుంది. పేరు రాసే పెట్టెలో డబ్ల్యూ కొడితే కెమెరా ముందుకు పోయి బండల్లో దూరుతుంది. మూడు సాయంత్రాలు దీనికే పోయాయి. అసలు ప్యానెలే వద్దు, తీసి పారేద్దామనుకున్నాను.

అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. దేవుని కడపలో పాత ఇంటి అరుగు ఆమెది. పాలవాడైనా, నాయన కోసం వచ్చినవాళ్లైనా ముందు ఆమెకు చెప్పాల్సిందే. తనకు పనిలేనిదైతే "లోపలుండాడు, పో" అనేది. ఒక రథసప్తమి నాడు తేరు చూడాలని పెరటి వాకిట్లోంచి జారుకున్నాను. చీకటి పడ్డాక వస్తే, నేను లోపల పడుకున్నాననుకుని, లేస్తే పెడదామని బొరుగుల గిన్నె మీద కొంగు కప్పుకుని అలాగే కూర్చుని ఉంది. తిట్టలేదు. "పోతే పొయ్యావులే నాయనా, పోతాండానని ఒక్క మాట చెప్పగూడదా?" అంది. బొరుగులు మెత్తబడిపోయాయి.

తప్పు ప్యానెల్‌ది కాదు. మౌస్ బాణం గుర్తు ప్యానెల్ మీదుంటే కబురు దానికి, బయటుంటే లోయకు అని పంచింది నేనే. స్లయిడర్ మీద నొక్కి బయట వదిలితే ఆ కబురు ప్యానెల్‌కు చేరేదే కాదు. ఇమ్‌గుయీ రాసిన ఒమర్ కోర్నూ ప్రశ్నల పేజీలో ఇది స్పష్టంగా ఉంది: అన్నీ ముందు ప్యానెల్‌కే చెప్పాలి, తర్వాత వాంట్‌క్యాప్చర్‌మౌస్ (మౌస్ తనకు కావాలో వద్దో ఇమ్‌గుయీ చెప్పే జెండా) చూసి, అది తనకొద్దంటేనే లోయకు ఇవ్వాలి. లాగడం ప్యానెల్ మీద మొదలైతే బయటికొచ్చినా నాదే అంటుంది. లోయ మీద మొదలైతే, తన మీదుగా పోయినా అడ్డం రాదు. కీబోర్డుకూ అలాంటిదే ఉంది, వాంట్‌క్యాప్చర్‌కీబోర్డ్.

స్లయిడర్ దారికొచ్చింది. కానీ డబ్ల్యూ నొక్కి పట్టుకుని ఉండగానే పేరు పెట్టెలో క్లిక్ చేస్తే, వేలు తీసినా కెమెరా ఆగడం లేదు. ఈసారి కబురు అందనిది లోయకు. నొక్కింది ఒకరికే ఇచ్చినా, వదిలింది ఇద్దరికీ చెప్పాలి. రేపు అలాగే మారుస్తాను.

సంగటి మజ్జిగలో పిసుక్కుని తినాలి.