హెచ్5 గీత కనిపించింది!

ఇవాళ బ్లాట్ (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పొర) మీద 75 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) గుర్తుకు దగ్గర్లో నల్లటి సన్నగీత. బర్డ్ ఫ్లూ వైరస్ మన కణాలకు అతుక్కునేది పైనున్న హీమాగ్లుటినిన్ ప్రోటీన్‌తోనే. హెచ్5 అంటే అందులో ఒక రకం. మా కొత్త యాంటీబాడీ దాన్ని పట్టుకుంది. (మేం వాడింది ల్యాబ్‌లో తయారైన ప్రోటీనే, వైరస్ కాదు.) పక్కనున్న హెచ్1, హెచ్3 (మనుషుల్లో మామూలుగా వచ్చే ఫ్లూ రకాల ప్రోటీన్లు) వరుసలు ఖాళీగా ఉండటం చూశాకే టెన్షన్ తగ్గింది. రాకూడని చోట గీత వస్తే ఆ యాంటీబాడీని నమ్మలేం కదా!

1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ 18 మందికి సోకితే 6 మంది చనిపోయారు. అప్పటి నుంచి ఈ ప్రోటీన్ మారుతూనే ఉంది. పాత రకాన్ని పట్టిన యాంటీబాడీ కొత్తదాన్ని పట్టకపోవచ్చు. అందుకే ఇప్పుడు పక్షుల్లో తిరుగుతున్న 2.3.4.4బి రకం ప్రోటీన్‌తో వచ్చే వారం మళ్లీ చూస్తాం.